అటకెక్కిన కఫీల్

కువైట్ నుంచి మనిషి దిగితే మా వాడకట్టులో ముందుగా అందరూ పలకరించేది అట్టపెట్టెను. దానికి నాలుగు వైపులా తాడు, తాడు మీద టేపు, టేపు మీద లావుపాటి పెన్నుతో పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉంటాయి. పెట్టె క్షేమంగా కారు దిగిందా, ఏ మూలైనా చినిగిందా అని తలా ఒక చెయ్యి వేసి చూసిన తర్వాత, దాని వెనకాల నిలబడ్డ మనిషి వైపు తిరిగి "మంచిగున్నవా?" అంటారు. ఆయన జవాబు చెప్పేలోపే రెండో ప్రశ్న వస్తుంది. "ఎన్నొద్దులు చుట్టీ?" సెలవు ఎన్ని రోజులని దాని అర్థం. వచ్చినవాడు గుక్కెడు నీళ్లు తాగక ముందే ఎప్పుడు పోతావని అడగడం మా దగ్గర మర్యాద కిందే లెక్క.

దేవదాస్‌నూ అట్లాగే అడిగారు. "సూద్దాం" అన్నాడు అతను. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. చుట్టీ మీద వచ్చినవాడు తేదీ చెప్పాలి, వాడి ప్రయాణం రోజుకు ఊళ్లోవాళ్లు పచ్చళ్ల డబ్బాలు సర్దుకోవాలి. అక్కడున్న తమ పిల్లలకు పంపించుకోవాలి కదా.

దేవదాస్ మా పక్కింటివాడు. మాది సుల్తానాబాద్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఊళ్లో సగంమంది నా చేతి ఉప్మా తిని పెరిగారు కాబట్టి ఎవరి గురించైనా నాలుగు మాటలనే హక్కు నాకుందని నేననుకుంటాను. మిగతావాళ్లు అట్లా అనుకోరు. అది వాళ్ల ఖర్మ.

ఈ దేవదాస్ చదువు పదో తరగతి గడప దగ్గరే ఆగిపోయింది. కొన్నాళ్లు వడ్ల లారీ మీద క్లీనర్‌గా తిరిగాడు, తర్వాత అదే లారీకి డ్రైవరయ్యాడు. శ్యామలను చేసుకున్నాక, అందరూ పోతున్నారని తానూ కువైట్ పోయాడు. అక్కడ ఒక అరబ్బు ఇంట్లో కారు డ్రైవరు. ఎవరి వీసా మీద పోతే ఆయనే అక్కడ కఫీల్. అంటే యజమాని, దేవుడు, పోలీసు అన్నీ ఆయనే. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది, సెలవు ఆయన నోట్లో ఉంటుంది. పిల్లల్ని బడికి దింపడం, అమ్మగారిని బజార్లకు తిప్పడం, ఎండలో కారులో కూర్చుని పిలుపు కోసం ఎదురు చూడడం, ఇదీ దేవదాస్ కొలువు.

మధ్య మధ్య చుట్టీ మీద వచ్చేవాడు. ఒక చుట్టీలో ఇంటి మీద స్లాబు పడింది. ఇంకో చుట్టీలో ప్రహరీ లేచింది. బోరు, మోటారు, నున్నటి బండలు, ఒక్కో చుట్టీకి ఒక్కోటి వచ్చాయి. మేస్త్రీలతో పాటే పొద్దున లేచి, మేస్త్రీలతో పాటే సిమెంటు దుమ్ము కడుక్కుని, పని అయిపోయేసరికి విమానం ఎక్కేవాడు. తాను కట్టించిన ఇంట్లో ఏ స్విచ్ నొక్కితే ఏది తిరుగుతుందో అతనికి ఇవాళ్టికీ తెలియదు. ఫ్యాన్ కోసం నొక్కితే గేటు లైటు వెలుగుతుంది. ఇల్లంతా అతని చెమటే గానీ, ఆ ఇంట్లో అతను చుట్టమే.

ఇంట్లో ఉండేది తల్లి కిష్టవ్వ, భార్య శ్యామల. కూతురు సృజన కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దేవదాస్ కిందటి చుట్టీ ముగించుకుని పోయాక, ఒక వానాకాలంలో శ్యామల దగ్గరికి ఒక పిల్లిపిల్ల చేరింది. తెల్ల ఒంటి మీద పసుప్పచ్చ మచ్చలు. పగలంతా ఊరి మీద తిరుగుతుంది, చీకటి పడే వేళకు వచ్చి ఆమె పక్కన కూర్చుంటుంది. ఫోన్‌లో దాన్ని మొదటిసారి చూసినప్పుడు దేవదాస్ అడిగాడట.

"అది ఏం పని చేస్తది?"

"ఏం పని చెయ్యది. తింటది, పంటది. తలుపు తియ్యకుంటే లొల్లి చేస్తది."

"గట్లనా? అచ్చం మా కఫీలే!"

ఇక దాని పేరు కఫీల్ అయిపోయింది. సముద్రం అవతల ఒక కఫీల్‌ను మోసేది చాలక, ఇవతల ఇంకోదాన్ని తనే పెట్టుకున్నాడు మహానుభావుడు.

ప్రతి పొద్దుగూకే వేళా ఇదే వరస. శ్యామల ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, ముందు కంచం పెట్టుకునేది. అటు దేవదాస్ తన గదిలో వాళ్ల రొట్టె, ఆ ఖుబ్బూస్, పప్పులో ముంచుకుని తినేవాడు. "సలామాలేకుం కఫీల్ సాబ్! ఖానా హువా?" అని, అన్నం తిన్నావా అంటూ అతని గొంతు వినబడగానే పిల్లి ఏ గోడ మీద ఉన్నా ఎగిరి దూకి వచ్చి, ఫోన్‌కు చెంప రాసేది. ఆ గొంతు వస్తేనే తనకు అన్నం కలుపుతారని దానికి బాగా తెలుసు. గోడ ఇవతల నాకు అన్నీ వినబడేవి. వినాలని కాదు, మా గోడ పొట్టిది. ఆ మొగుడూ పెళ్లాలు ఒక్క ఏడాదిలో ఫోన్‌లో చెప్పుకున్నన్ని మాటలు నేనూ మా ఆయనా కాపురం మొత్తంలో చెప్పుకోలేదు. మా ఆయన ఇంట్లోనే ఉండేవాడు, అందుకేనేమో.

అట్లాంటి దేవదాస్ దిగాడు. పెట్టెను వరండాలో పెట్టారు. చుట్టాలూ పక్కాలూ చుట్టూ మూగారు. అట్టపెట్టె కనబడితే ఎక్కి కూర్చోవడం పిల్లి జాతికి జన్మహక్కు కాబట్టి కఫీల్ వచ్చి, నలుగురి మధ్యలోంచి దర్జాగా నడిచి, పెట్టె మీద సర్దుకుని కూర్చుంది. దేవదాస్ ముఖం వెలిగిపోయింది. "కఫీల్ సాబ్!" అని చెయ్యి చాపాడు. ఒంటి మీద సీసాడు సెంటు గుప్పుమంటోంది. కరెంటు రీడింగు తీసుకోవడానికి వచ్చినవాడిని చూసినట్టు పిల్లి అతన్ని ఒక చూపు చూసి తల పక్కకు తిప్పుకుంది. జనం నవ్వారు. అతనికి చిన్నతనమైంది. ఆ చిన్నతనం దాచుకోవడానికి గభాలున టేపు కొస దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు.

ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. పిల్లికైతే కడుపు కింద పెట్టె మొత్తం అరిచినట్టయింది. అంత ఎత్తు ఎగిరింది, కిష్టవ్వ భుజం మీద కాలు మోపింది, మా గోడ దూకింది, మా గొడ్ల కొట్టంలోకి దూరి అటక ఎక్కేసింది. టేపుకు దాని తోక వెంట్రుకలు నాలుగు అంటుకుని మిగిలాయి.

పెట్టె మాత్రం తెరుచుకుంది. ఎవరి సబ్బు వాళ్లకు, ఎవరి తలనొప్పి మందు వాళ్లకు, ఎవరి ఖర్జూరాలు వాళ్లకు అందాయి. శ్యామల కోసం తెచ్చిన గడియారాన్ని దేవదాస్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె దాన్ని చూడనే లేదు. గోడ దగ్గర నిలబడి "కఫీల్, కఫీల్" అని పిలుస్తోంది. నేను మాత్రం పెట్టెలోకి చూశాను. చూడడం నా స్వభావం. అడుగున ఒక మసిబారిన కుక్కరు, నలిగిపోయిన తలగడ, అరిగిన దువ్వెన ఉన్నాయి. చుట్టీ మీద వచ్చేవాడు తలగడ తెచ్చుకోడు. నాకు విషయం అర్థమైంది గానీ, నోరు మూసుకున్నాను. ఇది నా చరిత్రలో అరుదైన సంఘటన.

మా కొట్టం మా ఆయన హయాంలోది. పైన గూనపెంకులు, కింద బర్రె, మధ్యలో చెదలు తిన్న అటక. అటక మీద పాత నాగలి, వెదురు బొంగులు, గడ్డి. ఎవరైనా నిచ్చెన వేస్తే చాలు, పిల్లి పెంకుల కిందికి ఇంకా లోపలికి జరిగిపోయేది. శ్యామల పాలు పెట్టింది, పెరుగన్నం పెట్టింది. రానంటే రానంది. ఆ చీకట్లో నిలబడి రెండు కళ్లు మాత్రం మెరిపించేది.

"గంత పరేషాన్ ఎందుకే, ఆకలైతే అదే దిగుతది" అన్నాడు దేవదాస్.

శ్యామల అతని వైపు తిరిగింది. గట్టిగా కూడా అనలేదు. "నువ్వు పోతవు. నాతోని ఉండేది అదే" అంది.

దేవదాస్ వైపు జాలిగా చూద్దామనుకున్నాను గానీ, తప్పు ఆమెది మాత్రం ఏముంది? వచ్చిన ప్రతిసారీ అలవాటవుతాడు, అలవాటయ్యాక పోతాడు. ఆ తర్వాత నెలంతా ఆమె ముఖం చూడలేకపోయేవాళ్లం. అందుకని ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకోవడం మానేసింది. తెలివైన పనే.

కిష్టవ్వ బాధ వేరు. ఆమె మా బర్రె గోలెం పక్కన కూలబడి నన్ను పిలిచింది.

"బిడ్డా, పిల్లిని సంపితే బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలెనట. మా అత్త చెప్తుండె."

"సంపుడేంది అవ్వా, అది బెదిరిందంతే."

"ఉపాసముండి సస్తే? గా పాపం మా ఇంటి మీదనే పడ్తది."

"ఎంత పిల్లిని చేయించాలె మరి?"

"సచ్చిన పిల్లంత."

కొట్టంలో ఉన్నవాళ్లందరం తలెత్తి అటక వైపు చూశాం. ఈ రోజుల్లో బంగారం ధర అందరికీ తెలుసు. కఫీల్ బాగా తిని బలిసిన పిల్లి.

అప్పుడు రంగంలోకి అంతయ్య దిగాడు. బొగ్గు బాయిలో పని చేసి రిటైరై ఊరు చేరిన మనిషి. భూమి లోపల అంత కాలం తిరిగాడు కాబట్టి భూమి మీద తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. "పొగ పెట్టుండ్రి" అన్నాడు. "పొగ పెడితే మనిషే ఆగడు, పిల్లెంత?" నేను వద్దన్నాను. నా కొట్టం కదా, నా మాట ఎవరు వింటారు? వేపాకూ తడిగడ్డీ కుప్పేసి అంటించాడు. పొగ లేచింది. లేచిన పొగకు మా బర్రె పలుపు తెంపుకుని సుల్తానాబాద్ రోడ్డు పట్టింది. అంతయ్య కళ్లు నులుముకుంటూ దాని వెంట పడ్డాడు. ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర దొరికిందట. పిల్లి మాత్రం పెంకుల సందులో ముక్కు బయటపెట్టి, చల్లగాలి పీల్చుకుంటూ, మమ్మల్నందరినీ పైనుంచి తిలకించింది.

"గాలి పొగను కిందికే కొట్టింది" అన్నాడు అంతయ్య తిరిగొచ్చాక. తప్పు గాలిదన్నమాట.

దేవదాస్ కాలుగాలిన పిల్లిలా ఇంటికీ కొట్టానికీ తిరిగాడు. కువైట్ నుంచి తెచ్చిన చేపల డబ్బా కోసి నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. చీమలు విందు చేసుకున్నాయి. సెంటు వాసన పోవాలని రెండుసార్లు తలస్నానం చేశాడు. మా ఆయన పాత లుంగీ అడిగి కట్టుకున్నాడు. అసలు పిల్లి ఎవరిని చూసి భయపడుతోందో అందరికీ తెలుసు. అతను కొట్టంలోకి రాగానే పైన గడ్డి కదిలేది, మెరిసే కళ్లు మాయమయ్యేవి. అతను బయటికి పోగానే మళ్లీ కనబడేవి. ఊరి మొత్తాన్ని క్షమించింది గానీ, అతన్ని మాత్రం క్షమించలేదు.

అతను నిచ్చెన మీద ఒంటరిగా ఉన్న సమయం చూసి అడిగేశాను. నోరు ఎంతకాలం మూసుకుంటాను?

"వీసా క్యాన్సిల్ చేసుకొని వచ్చినవా?"

నిచ్చెన మీద మనిషి బిగుసుకుపోయాడు. "నీకెవరు చెప్పిండ్రు, టీచరమ్మా?"

"నీ తలగడ చెప్పింది."

కిందికి దిగి, ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించాడు. "శ్యామలకు చెప్పకు. నేనే చెప్త."

"ఎప్పుడు చెప్తవు?"

"కఫీల్ దిగినంక. గిప్పుడు చెప్తే ఏమంటది? అది బెదిరి పోయింది, ఇగ రోజూ నీ మొఖమేనా అంటది."

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. చుట్టీ మీద వస్తే కొడుకు, క్యాన్సిల్ చేసుకుని వస్తే కొలువు పోయినోడు, మా ఊరి లెక్క ఇది. వాడకట్టు చూపు తట్టుకుంటాడు గానీ, పెళ్లాం ముఖం ఎట్లా మారుతుందో అదీ అతని భయం. సొంత ఇంట్లో ఉండడానికి అనుమతి కోసం మగవాడు ఒక పిల్లి దయ మీద వేలాడుతున్నాడు. కువైట్‌లోనే నయం, అక్కడి కఫీల్ అటకెక్కడు.

మరునాడు చేపల కోసమని సుల్తానాబాద్ పోయాడు. చెరువు చేప అయితే దిగుతుందని కిష్టవ్వ చెప్పింది. శ్యామలా నేనూ కొట్టంలో ఉన్నాం. ఆమె చేతిలో ఫోన్ మోగింది. బొమ్మ కనబడే ఫోనే, అతనికి అదే అలవాటు.

"శ్యామలా, బొచ్చె ఉన్నది, రవ్వు ఉన్నది. కఫీల్ ఏది తింటది?"

పైన గడ్డి కదిలింది. "మ్యావ్" అని సన్నగా వినబడింది.

"గదెవ్వలు? కఫీల్ సాబ్! సలామాలేకుం!" అన్నాడు ఫోన్‌లో.

మేమిద్దరం కదలకుండా నిలబడిపోయాం. పిల్లి అటక అంచుకు వచ్చింది. ఫోన్‌ను చూసింది. చుట్టూ చూసింది, అతను లేడని నిశ్చయం చేసుకుంది. ముందరి కాలు ఒకటి కింది దూలం మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. గొంతు ఆగిందో లేదో పిల్లి కాలు వెనక్కి తీసుకుంది.

సంగతి తెలిసి దేవదాస్ బండి ఎట్లా తోలుకొచ్చాడో గానీ, చేపల సంచి చేతిలో పట్టుకునే కొట్టంలోకి ఉరికాడు. ముఖమంతా సంతోషం. "గుర్తు పట్టింది నన్ను!" అంటూ అటక కింద నిలబడి, రెండు చేతులూ చాపి "కఫీల్ సాబ్, సలామాలేకుం! ఖానా హువా?" అన్నాడు. పిల్లి పెంకుల చివరి మూలకు పోయి అటు తిరిగి కూర్చుంది. గొంతు అదే, మాటలవే. వాటికి ఒక మనిషి తోడు కావడమే దానికి నచ్చలేదు.

దేవదాస్ గోలెం గట్టు మీద కూర్చున్నాడు. శ్యామల చేపలు తీసుకుని ఇంట్లోకి పోయింది. చాలాసేపటికి నా వైపు చూడకుండానే అన్నాడు.

"టీచరమ్మా, గీ ఇంటికి నా గొంతు సాలుతున్నదే. నేను అక్కరలేనట్టున్నది."

నేను లేచి పోయి బర్రె ముందు ఇంకో మోపు గడ్డి వేశాను, దానికి అప్పటికే వేసి ఉన్నా.

శ్యామల చేపలు ఉడకబెట్టిన గిన్నెతో తిరిగొచ్చింది. మొగుడి వైపు చూసి అంది, "పో. కాలువ కట్ట మీదికి పో. ఆడ సిగ్నల్ మంచిగుంటది. ఆడికెళ్లి ఫోన్ చెయ్యి."

"వారీ, వచ్చినోణ్ణి మల్ల ఎల్లగొడ్తున్నవా?" అంది కిష్టవ్వ.

"పిల్లి కోసమే కదా అత్తమ్మా."

దేవదాస్ లేచి, లుంగీ దులుపుకుని పోయాడు. వాకిట్లో గుంపు కూడింది. ఎవరి సలహా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. శ్యామల అందరినీ గేటు బయటికి తోలింది. అంతయ్య కదలనంటే "నువ్వు పొగబెట్టింది సాలు, మామా" అంది. కొట్టం నాది కాబట్టి నేను మిగిలాను, కొడుకు తనవాడు కాబట్టి కిష్టవ్వ మిగిలింది. పొద్దుగూకుతోంది. వాళ్లు రోజూ మాట్లాడుకునే వేళ అదే. ఫోన్ మోగింది. శ్యామల గొంతు పెద్దగా పెట్టి, బోర్లించిన బకెట్ మీద ఫోన్‌ను నిలబెట్టింది.

"శ్యామలా, తిన్నవా?"

"ఇంకా లే."

"ఏం కూర?"

"సేపలు. నువ్వే తెస్తివి కదా."

ఇద్దరూ నవ్వారు. నేను ఆశ్చర్యపోయాను. అతను ఇంటికి వచ్చాక ఆ ఇంట్లోంచి నవ్వు వినబడడం అదే మొదలు. పైన గడ్డి కదిలింది. తెల్లటి మూతి అంచు మీదికి వచ్చింది.

"వస్తున్నది. మాట్లాడు, ఆపకు" అంది శ్యామల.

"ఏం మాట్లాడాలె?"

"రోజూ ఏం మాట్లాడుతుంటివి?"

అటు కాసేపు గాలి చప్పుడే వినబడింది. ఒకే ఇంట్లో ఉండే మనుషులకు చెప్పుకోవడానికి ఏం వార్తలుంటాయి? రోజూ కఫీల్ ఇంటి సంగతులు చెప్పేవాడు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెట్టాడు.

"మా కఫీల్ పెద్ద పిల్లగాడు లేడా, లైసెన్సు తీసుకున్నడు. నేనే నేర్పిన వానికి. బండి మంచిగ తోలుతున్నడు. ఇగ ఇంట్ల అందరికి బండ్లున్నయి, అందరికి లైసెన్సులున్నయి."

పిల్లి దూలం మీదికి దిగింది.

"ఒకనాడు కఫీల్ పిలిచిండు. దేవదాస్, ఇగ నీతోని పని లేదు, ఏరే ఇంటికి రిలీజ్ ఇస్త పోతవా అన్నడు. ఆయన అన్నదమ్మునిదే ఇల్లు. జీతం గదే, గది గదే."

పిల్లి నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టింది. శ్యామల పిల్లిని చూడడం లేదు, ఫోన్‌నే చూస్తోంది.

"నేనే వద్దన్న" అన్నాడు.

పిల్లి నేల మీదికి దూకి, నేరుగా బకెట్ దగ్గరికి పోయి ఫోన్‌కు చెంప రాసింది. సంబరపడాల్సిన శ్యామల ఒక్క క్షణం అట్లాగే కూర్చుండిపోయింది. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ కొట్టం దాటింది. పిల్లి ఆ గొంతు వెంట నడిచింది. దాని వెనక నేను, నా వెనక కిష్టవ్వ. పెళ్లి ఊరేగింపుకు కూడా మేం అంత పద్ధతిగా నడిచి ఎరగం. ఫోన్ మాట్లాడుతూనే ఉంది.

"ఏంటికి వద్దన్ననో నాకే ఎరుక లేదు. రోజూ మీ కంచం సూసుకుంట ఖుబ్బూస్ తిన్న. నువ్వు అన్నం కలుపుతుంటే సూసుడు, పిల్లికి పెడుతుంటే సూసుడు. ఎన్నేండ్లు సూస్తనే? ఇగ సాలనిపించింది. క్యాన్సిల్ చేసుకొని వచ్చిన."

వంటింట్లో శ్యామల ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించింది. చేపల అన్నం పిల్లి ముందు పెట్టింది. కఫీల్ ఉపవాసాలన్నీ ఒక్కసారే తీర్చుకోవడం మొదలుపెట్టింది.

"ఇనవడ్తుందా? హలో? వచ్చిన్నాడే చెప్పాలె. అందరు ఎప్పుడు పోతవంటుండ్రు. పోనంటే వాళ్లు ఎట్ల సూస్తరో ఫికర్ లేదు. నువ్వెట్ల సూస్తవో అని చెప్పలే. హలో? శ్యామలా?"

కిష్టవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆ గదిలో ఉండకూడదని నాకు తెలుసు. అయినా ఉన్నాను.

"ఇంటికి రా" అంది శ్యామల చివరికి.

"కఫీల్ ఉరుకుతదేమో."

"ఫోన్ పెట్టకు. మాట్లాడుకుంటనే రా."

అతను బయల్దేరాడు. కట్ట దిగుతున్నానన్నాడు. నారు మడి పక్కనుంచి వస్తున్నానన్నాడు. కుక్క అడ్డం వచ్చిందన్నాడు. అంతయ్య ఎదురొచ్చి పిల్లి దిగిందా అని అడుగుతున్నాడన్నాడు. కాసేపటికి ఆ గొంతు ఫోన్‌లోంచీ వినబడింది, వాకిట్లోంచీ వినబడింది. పిల్లి తినడం ఆపి ఒక చెవి ఫోన్ వైపు, ఒక చెవి తలుపు వైపు తిప్పింది. దేవదాస్ వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. తియ్యడానికి ధైర్యం చాలడం లేదు.

శ్యామల చెయ్యి చాపి పప్పు డబ్బా దగ్గరి ఫోన్‌ను కట్ చేసింది.

పిల్లి తల ఎత్తింది.

"గిప్పుడు చెప్పు" అంది శ్యామల. "ఫోన్‌ల చెప్పినయి నేను లెక్కవెట్ట. మస్తు చెప్పినవు ఫోన్‌ల. పండుగకు వస్తనన్నవు, బిడ్డ పుట్టినరోజుకు వస్తనన్నవు. నా మొఖం సూసి చెప్పు."

దేవదాస్ ఫోన్ దించాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న పెళ్లాంతో మాట్లాడడం అంత కష్టమైన పని ఆ మనిషికి ఏ ఎండలోనూ పడి ఉండదు.

"ఇగ పోను" అన్నాడు.

"ఇంకోపారి చెప్పు."

"పోను, శ్యామలా."

మూడోసారి అడగబోయి ఏడ్చేసింది. ఎన్నిసార్లు ఎయిర్‌పోర్టు కారు ముందు నిలబడిందో, ఎప్పుడూ మా ముందు కన్నీటి చుక్క రాల్చని మనిషి, వంటింటి బండల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. దేవదాస్ లోపలికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఉన్న కంచం దగ్గర్నుంచి పిల్లి కదలలేదు. చివరి ముక్క దాకా తిని, మూతి తుడుచుకుని, అతని మోకాలు మీదుగా దాటి తన దారిన బయటికి పోయింది.